చిన్న ఇంజను విలువ నెరిగిన జి. డి. నాయుడుగారు

గడచిన వేసవి సెలవులకు ముందు మా పై తరగతుల విద్యార్థు లిరువురు మాయొద్దకు వచ్చి యొక ప్రశ్న యడిగిరి. వారిలో నొకనిది మేడ్చలు. రెండవవానిది షామీర్‌పేట చెరువునకు సమీపమున నున్న యొక పల్లె. ఇరువురును రెండేండ్లుగా పండుగలకు పెద్దలిచ్చిన రూకలను, సెలవులలో పనిచేసి తెచ్చుకొన్న కూలిని కూడబెట్టుకొనిరి. ఆ సొమ్ముతో పాత కారు ఇంజను నొకదానిని కొని, దానిని సవరించి, వేగము హెచ్చింపవలెనని వారి కోరిక. స్వల్పవ్యయముతో నమ్మకముగా నడచుచు, సవరించినకొలది బలము నిచ్చు చిన్న ఇంజను ఏదియని వారు మమ్మడిగిరి.

ఈ సంగతి విని వారిలో నొకని తండ్రిగారు మిక్కిలి కలతచెందిరి. వారి యిల్లు నాగపురము రహదారి ప్రక్కనే యున్నది. రాత్రివేళల ఆ దారిని దూసుకొనిపోవు బండ్ల మ్రోత వారి చెవులలో నిత్యము మ్రోగుచునే యుండును. కుమారుడు కూడబెట్టిన సొమ్ము పోయినను పోవుగాక, కుమారుడు దక్కిన చాలునని వారు మాతో మొరపెట్టుకొనిరి. బాలుర యుత్సాహము మంచిదే. తండ్రి భయమును న్యాయమైనదే. ఈ రెంటి నడుమ మేమేమి చెప్పవలెను? కొన్ని దినము లాలోచించి, ఇట్టి కోరికతోనే జీవితము నారంభించిన యొక తెలుగుబిడ్డ చరిత్రమును వారికి వినిపించితిమి. ఇతర విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగించునని తలంచి, దాని నిచ్చట వ్రాయుచున్నాము.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు జిల్లాలోని కలంగల్ అను గ్రామమున జన్మించిరి. అది తమిళదేశమే యైనను, విజయనగర ప్రభువుల కాలమునుండి దక్షిణమునకు తరలిపోయి అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. నాయుడుగారి యింటి భాష తెలుగు, కులవృత్తి వ్యవసాయము. లోకము వారిని జి. డి. నాయుడుగారని పిలిచినది. మనమును అట్లే పిలుతము.

బడిచదువు వారికి రుచింపలేదు. ప్రాథమిక తరగతులతోనే అది ముగిసెను. ఈ మాట వ్రాయుటకు మాకు కొంత జంకు గలదు. మా విద్యార్థులలో కొందరు దీనిని తమ కనుకూలముగా గైకొందురేమో! అట్టివారు తక్కిన కథనుకూడ చదువవలెను. నాయుడుగారు బడిని విడిచిరి గాని నేర్చుకొనుటను ఏనాడును విడువలేదు. బడిలో కూర్చుండి నేర్చుకొనదగిన దానిని బయట నేర్చుకొనుటకు వారు పడిన శ్రమ సామాన్యులు పడజాలనిది.

ఆ దినములలో కోయంబత్తూరు పల్లెలలో మోటారు వాహనము వింతవస్తువు. ఒకనాడు ఆంగ్లేయుడగు నొక రెవిన్యూ ఉద్యోగి రడ్జి అను మోటారుసైకిలుపై నా దారిని వచ్చెను. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు, త్రొక్కు కాలు లేదు. బండి తనంతట తాను పరుగిడుచున్నది. తక్కిన బాలురు దానివెంట కొంతదూరము పరుగెత్తి నిలిచిపోయి యుందురు. మన నాయుడుగారి మనస్సు మాత్రము దానివెంట పోయి మరల రాలేదు. ఆ బండి తన కొకటి కావలెననియు, దాని లోపల నేమున్నదో చూడవలెననియు వారికి పట్టుదల కలిగెను.

చేతిలో డబ్బులేదు. తండ్రి నడిగి తెచ్చుకొనునంత చిన్న వస్తువు కాదు. అందుచే వారు కోయంబత్తూరు పట్టణమునకు పోయి యొక హోటలులో వడ్డించు పనికి కుదిరిరి. వచ్చినవారికి పళ్లెము లందించుచు, బల్లలు తుడుచుచు, ఆ కూలిలో మిగిల్చిన ప్రతి రూకను దాచుకొనిరి. ఆ విధముగా కూర్చిన సొమ్ముతో తుద కొక రడ్జి మోటారుసైకిలును కొనిరి. కొన్న పిదప దానిపై నెక్కి ఊరేగుటతో తృప్తినొందక, దానిని ముక్కముక్కగా విప్పి, భాగములను నేలపై పరచి, ఒక్కొక్కటి యేమి పనిచేయుచున్నదో తెలిసికొని, మరల నన్నింటిని యథాస్థానమున కూర్చిరి. వారికి అదియే మొదటి పాఠశాల. ఆ బండియే మొదటి గురువు.

ఇచ్చట మన మొక విషయమును గమనింపవలెను. రడ్జి సంస్థ ఇంగ్లాండులోని కొవెంట్రీ పట్టణమున 1911లో మోటారుసైకిళ్ల తయారీ నారంభించెను. ఆనాటి వారి ముఖ్యమైన నమూనాకు ఒకటే సిలిండరు. దాని పరిమాణము 499 ఘనపు సెంటీమీటరులు. నిర్మాణము సరళమైనది. ఇట్టి ఇంజనును విప్పినవానికి లోపలి పని యంతయు కంటి కగపడును. పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలియు పెట్రోలు ఆవిరియు లోనికి వచ్చును. పైకి లేచునప్పుడు ఆ మిశ్రమము నొక్కబడును. మెరుపురవ్వ తగులగానే అది మండి పిస్టనును బలముగా క్రిందికి త్రోయును. పిస్టను మరల పైకి వచ్చునప్పుడు కాలిన వాయువు బయటికి పోవును. ఈ నాలుగు పనులే అన్ని పెట్రోలు ఇంజనులకును మూలము. సిలిండరులు పన్నెండున్నను, మూడున్నను, ఒకటియే యున్నను కథ యిదియే. ఒకటి బాగుగా తెలిసినవాడు పన్నెండింటికిని భయపడడు. ఇట్టి సరళమైన ఇంజను బలహీనమైనదని యెంచరాదు. 1914లో మాన్ ద్వీపమున జరిగిన సీనియరు టీ.టీ. పందెమున గెలిచినది రడ్జి బండియే. అది అందరును కొని దారులలో నడుపుకొను జాతిదే. చక్కగా సవరింపబడి పందెమునకు పోయినది.

నాయుడుగారి దారి అచ్చటినుండి నేరుగా సాగలేదు. మెకానిక్కు పని నేర్చిన పిదప, మొదటి ప్రపంచయుద్ధ కాలమున వారు ప్రత్తి వ్యాపారమునకు దిగి మంచి లాభము గడించిరి. ఆ లాభమును తీసికొని బొంబాయి విపణికి పోయి, అచ్చటి బేరములలో పోగొట్టుకొని ఇంటికి వచ్చిరి. చేతిలోని ధనము పోయినది. చేతిలోని పనిమాత్రము పోలేదు. మరల మోటారు బండ్లనే ఆశ్రయించిరి. కోయంబత్తూరులో ప్రసిద్ధ వర్తకుడగు రాబర్టు స్టేన్సు అను ఆంగ్లేయుడు ఈ యువకుని నేర్పును గుర్తించి తోడ్పడెను.

1920లో నాయుడుగారు ఒక బస్సును కొని, పొల్లాచినుండి పళనివరకు నడపుట కారంభించిరి. డ్రైవరు వారే. దారిలో చెడిన బాగుచేయు మెకానిక్కును వారే. బస్సు నడుపువాని లెక్క మోటారుసైకిలుపై షికారు పోవువాని లెక్కవంటిది కాదు. షికారు బండి దారిలో నిలిచిన నవ్వుకొని త్రోసికొనిపోవచ్చును. బస్సు నిలిచినచో ఆనాటి ఛార్జీలు పోవును. ప్రయాణికులు మరునాడు ఎద్దుబండినే వెదకికొందురు. పెట్రోలు హెచ్చుగా త్రాగినచో లాభము తరిగిపోవును. విడిభాగము దూరదేశమునుండి రావలసినచో వారములకొలది బండి పాకలో పడియుండును. కనుక బస్సు యజమానికి ఇంజను ఎంత వేగముగా పోవునన్నది తుది ప్రశ్న. ప్రతిదినము పోవునా యన్నది మొదటి ప్రశ్న. ఈ క్రమమును ఎరిగినవారే ఆ వ్యాపారమున నిలువగలిగిరి.

నాయుడుగారు నిలుచుటయే కాదు, వర్ధిల్లిరి. కొన్ని సంవత్సరములలోనే ఆ యొక్క బస్సు పెక్కు బస్సులయ్యెను. యూనివర్సల్ మోటారు సర్వీసు అను పేరుతో, యు. ఎం. ఎస్. అను మూడక్షరములతో, వారి బండ్లు ఆ ప్రాంతమంతట ప్రసిద్ధి కెక్కెను. కాలనియమమునకును, నిర్వహణకును దేశములోని శ్రేష్ఠమైన బస్సు సంస్థలలో నొకటిగా అది పేరుపొందెను. ఒక మోటారుసైకిలును విప్పి కూర్చిన కుతూహలమే ఇంత సంస్థకు పునాది యయ్యెను.

ధనము చేకూరిన పిదప వారు విదేశములకు పోయిరి. పోయినచోట నెల్ల కర్మాగారములు చూచుటయే వారి యాత్ర. కెమెరా పట్టుటయన్న వారికి వేడుక; 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగా చలనచిత్రముగా తీసిరి. జర్మనీలో వారు రాసాంత్ అను పేరుగల క్షురయంత్రమును తయారుచేయించిరి. అందులో పొడి బ్యాటరీలతో తిరుగు నొక చిన్న మోటారు అమర్చబడియుండెను. మిక్కిలి పలుచని క్షురపు బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు విసనకఱ్ఱ, మోసమునకు లొంగని ఓటు నమోదుయంత్రము మొదలైనవి వారి యితర కల్పనలు. ఈ వస్తువులలో నెక్కువ భాగమునకు నొక సమానలక్షణము గలదు. ఇవి సామాన్యుని యింటికి చేరదగిన చిన్నవి. పెద్ద మేడలను తలంచి చేసినవి కావు.

1937లో కోయంబత్తూరు చెంత పీలమేడులో నున్న వారి నేషనల్ ఎలక్ట్రికు వర్క్సునుండి విద్యుత్ మోటారు వెలువడెను. మనదేశమున తయారైన తొలి విద్యుత్ మోటారులలో అది లెక్కింపబడుచున్నది. దాని రూపకల్పనలో డి. బాలసుందరం నాయుడుగారి ప్రతిభ ముఖ్యమైనది. నేడు మన మేడ్చలు, షామీర్‌పేట రైతులు బావులపైనను బోరులపైనను మీటనొక్కి నీరు తోడుకొనుచున్నారు. అట్టి మోటారు పంపులకు కోయంబత్తూరు నేటికిని పేరెన్నికగన్న స్థానము. 1941లో, అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని నాయుడుగారు ప్రకటించిరి. ధరను తగ్గించుటయు నొక శాస్త్రమేయని వారి నమ్మకము. ఒక వస్తువు చేయబడినదన్న చాలదు. దానిని కొనగల వాడెవ్వడని వారు చూచెడివారు.

బడికి దూరమైన ఈ మహాశయుడు బడుల నెలకొల్పుటకు పూనుకొనుట విధివిలాసము. 1945లో వారి కృషివలనను, దానమువలనను కోయంబత్తూరులో ఇంజనీరింగు విద్యాలయ మేర్పడెను. అప్పటి మద్రాసు గవర్నరగు సర్ ఆర్థరు హోపు పేర అది వెలసెను. తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ప్రసిద్ధమయ్యెను. నాయుడుగారు కొంతకాలము దానికి ప్రిన్సిపాలుగా నుండిరి. ఇంజనీరింగు చదువునకు నాలుగు సంవత్సరములు వ్యర్థమనియు, చేతిపనితో కలిపి బోధించినచో రెండు సంవత్సరములు చాలుననియు వారి యభిప్రాయము. ప్రభుత్వ మంగీకరింపలేదు. వారు పదవిని విడిచిపెట్టిరి. రెండేండ్లు చాలునా, నాలుగేండ్లు కావలెనా యన్నది పండితులు తేల్చవలసిన మాట. ఇంజను బొమ్మను నల్లబల్లపై గీయనేర్చి, ఇంజనును ముట్టుటకు జంకు విద్యార్థి చదువు సగమేయన్న వారి మాటలో సత్యము గలదని మాత్రము మేము నమ్ముచున్నాము.

ఇక వారి జీవితములో మన విద్యార్థుల ప్రశ్నకు మిక్కిలి సన్నిహితమైన ఘట్టమునకు వత్తము. 1952లో నాయుడుగారు పెట్రోలు ఇంజనుతో నడచు నొక చిన్న కారును వెలువరించిరి. అందిద్దరు మాత్రమే కూర్చుండవచ్చును. దాని వెల 2,000 రూపాయలు. కారన్నది జమీందారులకును, పెద్ద ఉద్యోగులకును మాత్రమే దక్కిన యా కాలమున అది సాహసమైన తలంపు. ఒక గుమాస్తా, ఒక ఉపాధ్యాయుడు, ఒక చిన్న వర్తకుడు కొనగల కారు! అయితే 1951నాటి పరిశ్రమల చట్టమును అనుసరించి, ఇట్టి తయారీకి కేంద్రప్రభుత్వపు లైసెన్సు కావలసియుండెను. ఆ లైసెన్సు వారికి లభింపలేదు. కారు తయారీ ఆగిపోయెను.

అట్టి కారువలన ఏమి కలిగియుండెడిదో మనము నిశ్చయముగా చెప్పజాలము. ఇతర దేశములలో కలిగినది మాత్రము చూడవచ్చును. ఇంగ్లాండులో హెర్బర్టు ఆస్టిను అను నతడు 1922లో ఆస్టిను సెవెన్ అను చిన్న కారును ప్రకటించెను. దాని ఇంజను త్వరలోనే 747 ఘనపు సెంటీమీటరులుగా స్థిరపడెను. 1939వరకు ఆ కార్లు రెండున్నర లక్షలకు పైగా తయారయ్యెను. మొదట అవి కుటుంబములను మోసెను. పాతబడిన పిదప స్వల్పధరకు దొరకుటచే విద్యార్థులును, యువ ఇంజనీర్లును వానిని కొని, విప్పి, సవరించి, పందెములకు నడిపిరి. 1948లో కోలిన్ చాప్మన్ అను యువకుడు ఒక పాత ఆస్టిను సెవెనును విప్పి తన మొదటి కారును కట్టెను. తరువాత లోటసు సంస్థను స్థాపించినవాడు అతడే. న్యూజిలాండులో బ్రూసు మెక్లారెన్ పందెములలో మొదట నడిపినదియు సవరించిన ఆస్టిను సెవెనే. పేదవాని కారు ఆ విధముగా ఇంజనీర్లకు పాఠశాల యయ్యెను. నాయుడుగారి కారు ఆగిపోవుటచే మన బాలురకు అట్టి పాఠశాల ఆలస్యమైనది.

ఎంత ఆలస్యము? 1983 డిసెంబరు 14వ తేదీన మారుతి 800 అను కారు మొదటి యజమానికి చేరెను. 1952నుండి లెక్కించినచో 31 సంవత్సరములు! దాని ఇంజనునకు మూడు సిలిండరులు. పరిమాణము 796 ఘనపు సెంటీమీటరులు. తొలి నమూనాల బలము నలుబది అశ్వశక్తులకు లోపు. ఆ కారు తయారీ 2014లో ముగిసెను. ఆ ఇంజనే ఓమ్ని వ్యానునుకూడ నడిపినది. లక్షలకొలది బండ్లలో నుండుటచే దాని మర్మము తెలియని మెకానిక్కు మన ప్రాంతమున లేడన్నను తప్పులేదు.

నాయుడుగారి కోయంబత్తూరే ఆ చిన్న ఇంజనునకు రెండవ జన్మ నిచ్చెను. అచ్చటి ఎస్. కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజనును గైకొని, ఒక్కరు కూర్చుండు పందెపుకారును నిర్మించిరి. పందెముల విద్య ధనికుల సొత్తుగా నున్న కాలమున, స్వదేశమున దొరకు చౌక ఇంజనుతో దానిని సామాన్య యువకులకు అందించుట వారి యుద్దేశము. 1995లో విమాన ప్రమాదమున వారు మరణించిరి. కోయంబత్తూరు చెంతనున్న పందెపు బాటకు వారి పేరే పెట్టబడినది. మారుతి ఇంజనులతో నడచిన ఫార్ములా మారుతి పందెములలోనే నారాయణ్ కార్తికేయన్ గారు తొలి అడుగు వేసిరి. 2005లో ఫార్ములా వన్ పందెమున పాల్గొన్న మొదటి భారతీయులు వారే. నలుబది అశ్వశక్తుల ఇంజను ఎంత దూరము తీసికొనిపోగలదో దీనివలన తెలియుచున్నది.

నాయుడుగారు 1974 జనవరి 4వ తేదీన కాలధర్మము నొందిరి. పన్నులతోను, అనుమతులతోను వారికి జీవితమంతయు పోరాటమే. వారి కల్పనలలో కొన్ని లోకమునకు చేరినవి. కొన్ని ప్రదర్శనశాలలోనే నిలిచిపోయినవి. 2015లో వారి కుటుంబమువారు కోయంబత్తూరులో పాతకార్ల ప్రదర్శనశాలను తెరచిరి. 2025లో ఆ నగరపు అవినాశి రహదారిపై నిర్మింపబడిన పొడుగైన వంతెనకు వారి పేరు పెట్టబడెను. హోటలులో పళ్లెము లందించిన బాలుని పేరుమీదుగా నేడు వేలకొలది బండ్లు పోవుచున్నవి.

ఈ కథ ముగిసిన పిదప మా విద్యార్థులిరువురును కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట వారి ప్రశ్నకు మేమిట్లు సమాధానము చెప్పితిమి. పెద్ద ఇంజనును కోరవద్దు. నీకు తెలియదగిన ఇంజనును కోరుము. ఎక్కువగా తయారైనదానిని ఎన్నుకొనుము. దాని భాగములు మేడ్చలులో దొరకును, చౌకగా దొరకును. కొనకముందు పరీక్షింపుము. సిలిండరుల ఒత్తిడిని గేజితో కొలిచినచో, మూడింటిలోను ఇంచుమించు సమానముగా నుండవలెను. ఒకదానిలో నూటికి పదివంతులకు మించి తక్కువైనచో రింగులో, వాల్వులో, గ్యాస్కెట్టో చెడినదని యర్థము. పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నది. రేడియేటరు నీటిలో నూనెతెట్టు కట్టినచో దానిని వదలిపెట్టుము. మెరుగుపెట్టిన పైమూతను చూచి మోసపోవద్దు.

కొన్న పిదప మొదట బాగుచేయుము; తరువాతనే బలము హెచ్చింపుము. పాత ఇంజను పోగొట్టుకొన్న బలమును తిరిగి పొందుటయే మొదటి లాభము. దానికి వ్యయము తక్కువ. వాల్వులను చక్కగా కూర్చుండబెట్టి, కార్బ్యురేటరును శుభ్రపరచి, మెరుపురవ్వ సమయమును సరిదిద్దినచో ఇంజను కొత్తప్రాణము పొందును. ఇంజను బలమనగా కాలమానమున నెంత గాలిని పీల్చి, పెట్రోలుతో కాల్చగలదన్నదే. కనుక పీల్చుమార్గమును, పొగ విడుచుమార్గమును సుగమము చేసినచో మరికొంత లాభము కలుగును. మిశ్రమమును మరింత గట్టిగా నొక్కుటవలన బలము హెచ్చును. కాని మితిమీరినచో సామాన్యపు పెట్రోలు అకాలమున మండి ఇంజనులో కొట్టుడు పుట్టును, పిస్టను చెడును. ప్రతి మార్పునకు ముందును, తరువాతను కొలిచి పుస్తకమున వ్రాసికొనవలెను. కొలువక చేసిన మార్పు ఊహయే గాని విద్య కాదు.

చివర నొక షరతును విధించితిమి. ఇంజను బల్లపైననే యుండవలెను, దారిపైకి పోరాదు. పదునెనిమిదేండ్లు నిండక కారు నడుప లైసెన్సు లేదు. తయారుదారు నిర్ణయించిన రూపమునకు విరుద్ధముగా బండిని మార్చి దారిపై నడపుటను 1988నాటి మోటారు వాహనముల చట్టము నిషేధించుచున్నది. మేడ్చలునుండి షామీర్‌పేట వైపునకు పోవు బాహ్యవలయ రహదారి విశాలముగా నున్నది. దానిని చూచి కొందరు యువకుల చేతులు దురద పుట్టును. అది పందెపు బాట కాదు. ఆ దారిని రోగులును, వృద్ధులును, పసిబిడ్డలును పోవుచుందురు. వేగమును పరీక్షింపగోరువాడు పెద్దవాడై, తగిన శిక్షణతో, తగిన బాటకు పోవలెను.

విద్యార్థు లంగీకరించిరి. వేసవిలో మేడ్చలులోని యొక పాత సామాను వర్తకునియొద్ద మూడు సిలిండరుల చిన్న ఇంజను నొకదానిని కొని తెచ్చిరి. మా పాఠశాల వెనుక పాకలో, ఇనుపచట్రముపై నది నిలుపబడినది. మొదట కొలిచినప్పుడు రెండు సిలిండరులు సమానముగా నుండెను. మూడవది మిక్కిలి తక్కువ. బాలుర ముఖములు వాడినవి. మూత విప్పి చూడగా ఒక వాల్వు అంచు కాలియుండెను. ఆ వాల్వు వెల వారు భయపడినంత లేదు. దానిని మార్చి, నూరి, కూర్చుండబెట్టుటకు మూడు వారములు పట్టెను. గడచిన మాసమున అది మొదటిసారి నడచినది.

ఆనాడు మొదట కలతచెందిన తండ్రిగారును వచ్చియుండిరి. ఇంజను మ్రోత వినగానే కొంత వెనుకకు జరిగిరి. పిమ్మట కుమారుడు కాలిన పాత వాల్వును వారి చేతిలో పెట్టి, అది యెచ్చట నుండెడిదో, ఎందుకు చెడినదో వివరించి చెప్పెను. వారు దానిని చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచి, జేబులో వేసికొని యింటికి పోయిరి.

నాయుడుగారివంటి మేధ అందరికిని లభింపదు. వారి పద్ధతి మాత్రము అందరికిని అందుబాటులో నున్నది. సొంతకూలితో కొనుట, విప్పి చూచుట, తెలిసికొని కూర్చుట, సామాన్యునికి దక్కునట్లు చౌకచేయుట అనునవియే ఆ పద్ధతి. మా విద్యార్థులు ఏ వృత్తిని చేపట్టినను ఈ నాలుగింటిని మరువకుందురు గాక. పాక తాళపుచెవి మాయొద్ద నున్నది. చూడగోరు తలిదండ్రులు ఏ శనివారము సాయంకాలమైనను రావచ్చును.